ఏడు గదులూ ఒక అల్లుడుగారూ

నమోదు 211

పొద్దున గదికి కుడితి పోశాను. గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఇంకా కావాలన్నట్టు బకెట్ అంచు నాకింది. రోజుకు ఒక బకెట్‌తో సరిపెట్టుకునే గదికి ఈ వారం రెండు పోసినా చాలడం లేదు. గోడ ధారలో నీళ్ళు బాగా వస్తున్నాయి. వెలుగు బాగుంది. నేల వెచ్చగా ఉంది. సంఘం వాళ్ళు రాయమన్నది ఇంతవరకే. ఈ మేడలో ప్రతి కుటుంబమూ తన గది ఆరోగ్యం గురించి రోజూ రాసి పెట్టాలని మా నివాసుల సంఘం రూలు. రాసింది ఎవరూ చదవరు కాబట్టి మిగతాది కూడా రాస్తాను.

పొయ్యి పక్కన గోడ మీద గడ్డ లేచింది. మా ఆయన నూకరాజు కాలే పెనం తీసి ఆ గోడకే ఆనిస్తాడు. అది ప్రాణమున్న గోడయ్యా, నీ వీపుకు ఆనిస్తే తెలుస్తుంది అని పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను. వింటేనా. కాలిన చోటే మళ్ళీ మళ్ళీ కాలి నల్లటి మచ్చ కట్టింది. ఆ మచ్చలోంచి ఇప్పుడు గుమ్మడికాయంత గడ్డ. ఆయన వేలితో నొక్కి చూసి, సెగగడ్డ అయ్యుంటుంది, పసుపు పెట్టు, అన్నాడు. పెట్టాను.

నమోదు 214

గడ్డ కాదట. గది. మచ్చ మధ్యలో చీలి గుమ్మమైంది. లోపల ఒక పడక పట్టేంత చోటు, వెచ్చగా, మసక వెలుగుతో ఉంది.

ఈ మేడలో కొత్త గది రావాలంటే అర్జీ పెట్టుకుని, సంఘం వాళ్ళ దయ కోసం జుట్టు నెరిసేదాకా కూర్చోవాలి. ఒక్క గదిలో మేమిద్దరం, మా మరిది, తోడికోడలు వరహాలు ఉంటున్నాం. మధ్యలో నా పాత చీర తెరగా కట్టి ఉంటుంది. తెరకు అటు ఎవరు దగ్గినా ఇటు నిద్ర చెడుతుంది. వరహాలు కొత్త గదిలోకి తొంగి చూసి కళ్ళు తుడుచుకుంది. మంచి రోజు కూడా చూడకుండా చాప తెచ్చి పరిచేసింది.

సాయంత్రం పాలు పొంగించాం. సంఘం అధ్యక్షుడు సుబ్బారాయుడు గారు వచ్చి, అర్జీ లేకుండా పెరిగిన ఈ గది మేడకే గర్వకారణమని మాట్లాడి, పాయసం మారు వడ్డించుకుని వెళ్ళారు. పక్కగది అచ్చియమ్మ కూడా వచ్చింది. వలలు అల్లుకునే ఒంటరి మనిషి, నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. మా ఇద్దరికీ వారంలో నాలుగు రోజులు తగువే. తన గోడ ఈమధ్య చల్లబడుతోందనీ, చల్లదనం తగిలితే తనకు ఆయాసం వస్తుందనీ చెప్పుకొచ్చింది. శుభకార్యంలో ఈ గోల ఏమిటని పాయసం గిన్నె చేతిలో పెట్టాను.

నమోదు 219

ఈరోజు అల్లుడుగారు వచ్చారు.

మేడలో గస్తీ తిరిగే ఆ జీవాలను అందరం అల్లుళ్ళనే అంటాం. దూడంత తెల్లటి మెత్తటి ఒళ్ళు. కళ్ళు లేవు, వేళ్ళకు మాత్రం కొదవ లేదు. చెప్పా పెట్టకుండా వస్తారు, గుమ్మమంతా తడిమి వంకలు వెతుకుతారు, నచ్చకపోతే కొంప కూలుస్తారు. మరి ఇంకేమని పిలవాలి?

గది తన లోపల ఏం తయారు చేస్తోందో దాని తునకలను గుమ్మం చుట్టూ మొలకలుగా బయటపెడుతుంది. అది గదుల ఆచారం. అల్లుడు ఆ మొలకల్ని ఒక్కొక్కటీ తడిమి వాసన చూస్తాడు. ఒక్కో అల్లుడికి పుట్టుకతో ఒక్క వాసనే గిట్టదు. ఒకరికి నీలిబూజు, ఇంకొకరికి ఉప్పుతెగులు. గిట్టని ఆ వాసన ఎదురుపడకుండానే కాలం చేసేవాళ్ళే ఎక్కువ. మంచి గదుల వాసన కూడా గిట్టని పెంకెఘటాలను పైఅంతస్తు బడిలోనే ఆపేస్తారట, కిందికి రానివ్వరట. మనుషులకూ అలాంటి బడి ఉంటే మా మరిదికి పెళ్ళయ్యేది కాదు.

ఈ అల్లుడు మా గుమ్మం దగ్గర ఒక మొలక తడిమి బిగుసుకుపోయాడు. వదిలేసి, మళ్ళీ వచ్చి అదే తడిమాడు. మొలకలో మాడు వాసన ఉన్నట్టు నాకూ తెలుస్తోంది. అంతలో మా గది గడప పక్క నుంచి తేనెరంగు జిగురు కార్చింది. అల్లుడు నాకాడు. వేళ్ళన్నీ వదులైపోయాయి. గుమ్మంలోనే వాలి కునుకు తీసి, లేచి తన దారిన వెళ్ళిపోయాడు.

అబ్బ, మా గదికి ఎంత మర్యాద తెలుసో అనిపించింది. మాకు ఆడపిల్లలు లేరు. అల్లుడొస్తే కాళ్ళకు నీళ్ళివ్వడం, వద్దన్నా కొసరి కొసరి వడ్డించడం నా నుదుట రాయలేదని సరిపెట్టుకున్నాను. రేపటి నుంచి ఆ జిగురు నేనే తీసి పళ్ళెంలో పెడతాను.

నమోదు 226

ఇంకో రెండు గదులు వచ్చాయి. ఒకదాంట్లో మా ఆయన తెడ్లూ బుట్టలూ పెట్టుకున్నాడు. రెండోదాంట్లో ఏం పెట్టాలో తేలక మేమూ మేమూ పోట్లాడుకున్నాం. గదులు లేనప్పుడు లేని పోట్లాట.

ఆ రెండో గదిలో పాలు పొయ్యి మీద ఉండగానే పెదనాన్న వచ్చాడు. ఈయనది ఇంకో రకం గస్తీ. అల్లుడిలా వాసనలు పట్టి చూసే ఓపిక లేదు. మీరేం వండుకున్నారో, ఏం దాచుకున్నారో ఆయనకు అక్కర్లేదు. ఎదురొచ్చి పలకరించారా లేదా, అదొక్కటే పట్టింపు. గుమ్మానికి మొలకలు ఉంటే పలకరించినట్టు లెక్క. బోడి గుమ్మం కనిపిస్తే ఆయనకు తలకొట్టేసినట్టు ఉంటుంది.

మా కొత్త గదులకు మొలకలు సరిగ్గా రావడం లేదు. ఆ గదికైతే ఒక్కటీ లేదు. పెదనాన్న గుమ్మం మీద చెయ్యి వేశాడు, ఏమీ తగల్లేదు, అక్కడే గోడకు అతుక్కున్నాడు. పాలు పొంగేలోపు గది ముడుచుకుపోయింది. గిన్నె తీసుకుని బయటికి దూకాను. మరిది ఆయన్ని నానా మాటలూ అన్నాడు. ఆయనకు చెవులు లేవు కాబట్టి పెద్దరికం నిలబడింది.

వరహాలు ఉపాయం చెప్పింది. పాత గది గుమ్మం మొలకలు కొన్ని గిల్లి, గంజితో కొత్త గుమ్మాలకు అతికించాం. దూరం నుంచి చూస్తే పెళ్ళివారిల్లులా ఉంది. మర్నాడు పెదనాన్న వచ్చి, తడిమి, సంతృప్తిగా వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళకు కావలసింది ఇంతే.

నమోదు 233

అల్లుడుగారు రోజూ వస్తున్నారు. వేళ కూడా తప్పడం లేదు. పళ్ళెం చప్పుడు వింటారని కాదు, గడప అదిరితే తెలుస్తుందట. మొలకలు తడిమే పని ఆయనే మానేశారు. తిని పడుకుంటారు. కాస్త ఒళ్ళు చేశారు కూడా. మా ఆయన, గస్తీవాణ్ణి ఇంటల్లుణ్ణి చేశావు కదే అని నవ్వుతాడు. నాకు మురిపెంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఐదు గదులయ్యాయి. సుబ్బారాయుడు గారు మళ్ళీ వచ్చి, మా గోడ గడ్డ ముక్క ఒకటి కోసి, తడిగుడ్డలో చుట్టి, నాలుగో అంతస్తులో తన గోడకు అంటు కట్టుకోవడానికి పట్టుకెళ్ళారు. వరసలో ఇంకా పదిమంది ఉన్నారు. ఇంతమందితో ఎప్పుడూ ఇన్ని నమస్కారాలు పెట్టించుకోలేదు నేను.

అచ్చియమ్మ బిందె పట్టుకుని వచ్చింది. తన గోడ ధార దారంలా వస్తోందట, నేల మంచులా ఉందట. నీ గదికి కుడితి సరిగ్గా పోస్తున్నావా అని అడిగాను. పోస్తున్నా లోపలికి దిగట్లేదు వదినా అంది. మాట మధ్యలో రెండుసార్లు ఊపిరికి ఆగింది. బిందె నింపి ఇచ్చాను. ఆ నీళ్ళు ఎక్కడివని తనూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

నమోదు 240

ఈరోజు బట్టలు ఉతకడంలో పడి పళ్ళెం ఆలస్యమైంది. వచ్చి చూసేసరికి అల్లుడుగారు ఆకలి మీద ఉన్నారు. పని లేక మొలకలు తడుముతున్నారు. ఆ మాడు వాసన మొలక దగ్గర ఒళ్ళంతా బిగిసింది. నోరు తెరిచి గోడకు ఆనించారు.

వెంటనే గది జిగురు కార్చింది. అలా ఇలా కాదు, ఏడ్చినట్టు కార్చింది. గడపంతా పారింది. ఆయన నోరు గోడ వదిలి జిగురు మీదికి వచ్చింది. కాసేపటికి గురక పెట్టారు.

మర్యాద కాదన్నమాట. లంచం. ఆ లంచాన్ని పళ్ళెంలో పెట్టి, కొసరి వడ్డించింది నేను.

ఎవరికీ చెప్పలేదు. వరహాలు కొత్త గదికి తోరణం కడుతోంది. నేను చూసింది కూడా సరిగ్గా చూశానో లేదో. ఎండ కళ్ళల్లో పడుతోంది.

నమోదు 244

మధ్యాహ్నం వసారాలోకి వస్తే అచ్చియమ్మ మా గుమ్మం పక్కన కూర్చుని ఉంది. వీపు మా గోడకు ఆనించింది. ఒళ్ళో సగం అల్లిన వల. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది.

"నీ గోడ బాగా ఎచ్చగా ఉందొదినా..." ఆగింది. "కూసింత సేపు కూకుంటాను..." మళ్ళీ ఆగింది. "ఏవనుకోకే."

తగువుకు వచ్చి ఉంటే తిట్టి పంపేదాన్ని. నిందించినా తట్టుకునేదాన్ని. నన్ను అనుమతి అడుగుతోంది.

తన గదిలోకి వెళ్ళి చూశాను. గోడలు వడలిపోయిన వంకాయ తోలులా ఉన్నాయి. గుమ్మం మొలకలు వాసన చూశాను. మాడు వాసన లేదు, బూజు లేదు, శుభ్రంగా ఉన్నాయి. ఆ గదికి జబ్బేమీ లేదు, తిండి లేదు. వసారా కప్పు కింద మేడ పెద్దనరం ఉంటుంది, అన్ని గదులకూ అక్కణ్ణుంచే పంపకం. అది మా వైపుకు వంగి నా తొడంత లావైంది. అచ్చియమ్మ వైపు పోయే పాయ వలదారంలా ఉంది.

మా ఏడో గదికి నిన్ననే పాలు పొంగించాం. ఎవరి పాలు పొంగించామో ఈరోజు చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నమోదు 245

సుబ్బారాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. తొందరపడకూడదనీ, వచ్చే మీటింగులో పెడతాననీ అన్నారు. ఆ మాట అన్నది కొత్త గదిలో కూర్చుని. ఆయన నాటిన ముక్క అప్పుడే మూడు గదులైంది.

జిగురు ఆపేసి అల్లుణ్ణి తన పని తనను చేసుకోనిద్దామని ఇంట్లో చెప్పాను. మా ఆయన ముందు నవ్వాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఆ నల్లమచ్చ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. మరిది, అచ్చియమ్మను మన గదుల్లోనే ఒకదాంట్లో ఉండమందాం అన్నాడు. ఉంటుంది సరే, ఆవిడ తర్వాత ఆ పక్కగది, దాని తర్వాత ఇంకొకటి, చివరికి మేడంతా మన గదుల్లో ఉండాలి, ఆ గదులకు నీళ్ళు ఎవరిస్తారురా అని అడిగాను.

వరహాలు నాతో వాదించలేదు. తన గది గుమ్మంలో నిలబడి అంది.

"పెళ్ళైన ఇన్నేళ్ళకి తలుపేసుకుని పడుకుంటన్నానక్కా. మళ్ళీ ఆ చీర తెర కట్టమంటన్నావు."

అవునన్నాను. కట్టడానికి చీర ఉంటుంది గానీ కట్టే గదే ఉండదని తనకు ఇంకా తట్టలేదు. పాత గదిలోనే కదా మాడు వాసన మొదలైంది. నేను కాపురానికి వచ్చిన గది అది.

నమోదు 246

జిగురు కారే చోట గుడ్డ కుక్కి, పైన గోనెపట్టా బిగించి కట్టాను. గంజితో అతికించిన మొలకలన్నీ గోకేశాను. పళ్ళెం కడిగి బోర్లించాను.

అల్లుడుగారు వేళకు వచ్చారు. పళ్ళెం ఉండే చోట తడిమారు. గడప తడిమారు. ఆ తర్వాత నా పాదాలు తడిమారు. ఎంత మెత్తటి వేళ్ళో. ఇంటికొచ్చిన అల్లుణ్ణి ఆకలితో గుమ్మంలో నిలబెట్టిన అత్తను ఈ మేడలో ఎవరైనా చూశారా? ఎలాగో అన్నాను.

"అల్లుడుగారూ, ఇయ్యాల మీకేం పెట్టనండి. వచ్చిన పని చూసుకోండి."

చెవులు లేని జీవానికి ఈ మాట దేనికంటే, నాకోసం. ఆయన వెళ్ళలేదు. గుమ్మంలో ముడుచుకుని కూర్చున్నారు. లోపల గది జిగురు కారుస్తూనే ఉంది. గోనెపట్టా తడిసినప్పుడల్లా నేనూ మా ఆయనా మారుస్తూనే ఉన్నాం. సాయంత్రానికి వరహాలు కూడా వచ్చి పొడిగుడ్డ అందించింది.

నమోదు 248

నిన్నంతా అలాగే కూర్చున్నారు. ఈ పొద్దున లేచారు. ఒళ్ళు తగ్గి, వచ్చిన కొత్తల్లో ఉన్నట్టు ఉన్నారు. మొలకల మీద వేళ్ళు పెట్టారు. ఆ మొలక దగ్గర ఆగారు. ఈసారి ఆయన్ని మరిపించే తీపి ఏమీ లేదు.

ముందు ఆయనే చీలి ఇద్దరయ్యారు. ఆ ఇద్దరూ చీలారు. మధ్యాహ్నానికి వసారా నిండా అల్లుళ్ళే, అందరికీ గిట్టనిది ఆ ఒక్క మాడు వాసనే. ఒక్క అల్లుడు లేడని ఏడ్చినదాన్ని, నిలబడడానికి చోటు లేక గోడకు అంటుకున్నాను. సామాను బయటపెట్టేశాం. నాలుగో అంతస్తుకు మెట్లెక్కుతున్న కొందరిని చూశాను. సుబ్బారాయుడు గారికి కబురు పెడదామా అని మా ఆయన అడిగాడు. మీటింగులో పెడదాం అన్నాను.

కొత్త గదులు మొండికేశాయి. ఒక్కోదానికి నలుగురైదుగురు అతుక్కుంటే గానీ లొంగలేదు. ఆఖరికి పాత గది దగ్గరికి వచ్చారు, మా అల్లుడుగారే వచ్చారు. నేను ఎలా గుర్తుపట్టానని అడగొద్దు, అత్తకు తెలుస్తుంది.

అల్లుడు గదిని చంపుతాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన చేసేది కొంచెమే. గోడకు గట్టిగా ఆనుకుని, సూదిమొనంత కన్నాలు పొడిచి, అందులోంచి ఏదో లోపలికి వదిలి, పక్కకు తప్పుకున్నారు. చచ్చే పనంతా గదే చేసుకుంది. ముందు వెలుగు తగ్గించుకుంది. ధార ఆపుకుంది. గోడలు లోపలికి మడుచుకుంది. తనను తానే చిన్న చిన్న మూటలుగా కట్టుకుంది, ప్రతి మూటకూ తన తోలే చుట్టుకుంది. పక్కన అచ్చియమ్మ గోడ మీద ఒక్క చుక్క మురికి చిందలేదు. మేడలో చచ్చినవాటిని ఎత్తే మోతగాళ్ళు వచ్చి ఆ మూటలు ఎత్తుకుపోయారు. వాటిని కరిగించి మేడకే కుడితిగా పోస్తారట. నేల మాత్రం ఆఖరిదాకా నా కాళ్ళ కింద వెచ్చగానే ఉంది.

ఒక్కసారి చెప్తే విన్నది గది. నాకు అచ్చియమ్మ బిందె చెప్పింది, ధార చెప్పింది, ఆయాసం చెప్పింది, అల్లుడు నోరు తెరిచి మరీ చెప్పాడు. వసారాలో కూర్చుని ఏడ్చాను. మా ఆయన కూడా ఏడ్చాడు. పెనం మాత్రం పట్టుకునే ఉన్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియక.

నమోదు 253

ఉండడానికి గది లేదు గానీ నమోదు మానకూడదట, రూలు. అచ్చియమ్మ గదిలో నలుగురం దిగాం, తనతో ఐదుగురం. మధ్యలో చీర తెర. వరహాలే కట్టింది, ముడి మామూలుకంటే గట్టిగా వేసింది.

మూడు రోజులుగా ఇక్కడ ధార పెరుగుతోంది. గోడ ముడతలు విప్పుకుంటోంది. నేల వెచ్చబడింది. నాలుగో అంతస్తులో సుబ్బారాయుడు గారి గదులన్నీ పోయాయి, అసలుదానితో సహా. నిన్న పరుపుచుట్టతో గుమ్మంలో నిలబడి, ఒక మనిషికి చోటుంటుందా అండి అన్నారు. అచ్చియమ్మ నా మొహం చూసింది. అర్జీ పెట్టుకోమన్నాను. తర్వాత జాలేసి తెరకు అటు, మా మరిది పక్కన చాప వేశాం. ఇద్దరూ గురక పెడతారు, ఒకరి బాధ ఒకరికి తెలుస్తుంది.

మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాను. నిద్రలో కాళ్ళు బారచాపినట్టున్నాను, అచ్చియమ్మ మోచేత్తో పొడిచింది.

"ఏడు గదుల ఇల్లాలివి, నీకు కాళ్ళు ముడుచుకోడం అలవాటు తప్పినట్టుందొదినా, ఇది ఒంటిగది కొంప, ఇక్కడ సంసారం చేసేవోళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకోవాల, లేదంటే నీ అల్లుణ్ణి పిలిచి నీ గుమ్మం కూడా తడిమిస్తాను."

నాకు కోపం రావాలి. రాలేదు. లేచి కూర్చుని ఆవిడ మొహంలోకి చూశాను. అంత పొడుగు మాటా, మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరికి ఆగకుండా అంది.